ఇంట్రానెట్‌కు రంగులేస్తే చాలా, గోడలు కదపాలా?

"మన ఇంట్రానెట్ చూస్తుంటే బస్టాండులో నోటీసు బోర్డు గుర్తొస్తోంది. ఏదో ఒకటి చేయవయ్యా." రెండేళ్ల కిందట మా ఎండీ గారు నాకు పని అప్పగిస్తూ అన్న మాట ఇంతే. ఇంట్రానెట్ అంటే ఉద్యోగులు మాత్రమే చూసే కంపెనీ లోపలి వెబ్‌సైట్. బడ్జెట్ ఎంతో చెప్పలేదు, గడువూ చెప్పలేదు. మరుసటి వారమే ముగ్గురు వెండర్లు వచ్చి మూడు డెమోలు చూపించి వెళ్లారు. మూడూ తళతళలాడాయి. మూడింటిలోనూ ల్యాప్‌టాప్ చుట్టూ చేరి నవ్వుతున్న మనుషుల ఫొటోలే. మా వాళ్లు రోజూ వెతుక్కునే సెలవుల లిస్టు, పేస్లిప్ లింకు ఎక్కడుంటాయని అడిగితే మాత్రం "అవి తర్వాత పెట్టుకోవచ్చు సార్" అన్నారు.

మా కంపెనీలో ఆరొందల మంది దాకా ఉంటాం. సగం మంది హైదరాబాదు ఆఫీసులో, సగం మంది ఊరి బయట ప్లాంటులో. మీదీ ఇంచుమించు ఇలాంటి కంపెనీయే అయి, ఐటీలోనో హెచ్‌ఆర్‌లోనో ఉన్న మీ నెత్తిన ఈ పని పడి ఉంటే, ఎక్కడిదాకా వెళ్లాలో ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. చాలా కంపెనీలు మైక్రోసాఫ్ట్ 365కి ఎలాగూ డబ్బు కడుతున్నాయి, ఇలాంటి లోపలి సైట్లు కట్టుకునే షేర్‌పాయింట్ కూడా అందులోనే వచ్చేస్తుంది. కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను. సైట్లు కట్టే వేరే సాధనాలు గూగుల్ సైట్స్, వర్డ్‌ప్రెస్ సంగతి తర్వాత.

షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌ని అద్దె ఫ్లాట్ అనుకోండి. గోడలకు రంగు వేసుకోవచ్చు, కర్టెన్లు మార్చుకోవచ్చు, సోఫాను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకోవచ్చు. గోడ మాత్రం పగలగొట్టకూడదు. ఓనరు అప్పుడప్పుడూ వచ్చి ట్యాపులు, స్విచ్చులు మార్చి వెళ్తుంటాడు, మన ఇష్టంతో పనిలేదు. వర్డ్‌ప్రెస్ సొంత ఇల్లు. ఏ గోడైనా కదపొచ్చు, కానీ మోటారు వేశామా, ట్యాంకు నిండిందా అన్నది కూడా మనమే చూసుకోవాలి. గూగుల్ సైట్స్ హాస్టల్ గది. మంచం, బల్ల, ఫ్యాను ఉంటాయి, అంతకు మించి అడగకూడదు.

ముందు అకౌంట్స్ అబ్బాయి పక్కన కూర్చోండి

ఏది ఎంచుకోవాలో తేల్చేముందు నేను చేసిన మంచి పని ఒకటుంది. అదీ అనుకోకుండా చేసిందే. అకౌంట్స్‌లో కొత్తగా చేరిన ఒక అబ్బాయి పక్కన కూర్చుని "ట్రావెల్ క్లెయిమ్ ఫారం తెరువమ్మా, చూస్తాను" అన్నాను. హోమ్ పేజీకి వెళ్లాడు. డిపార్ట్‌మెంట్స్ నొక్కాడు. ఫైనాన్స్ నొక్కాడు. అక్కడ డాక్యుమెంట్స్, అందులో ఫారమ్స్, అందులో మళ్లీ సంవత్సరాల వారీగా ఫోల్డర్లు. 2019లో ఒక ఫారం, 2021లో ఇంకో ఫారం, "ఫైనల్ న్యూ" అనే పేరుతో మూడోది. రెండు నిమిషాలు చూసి, ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో అడిగాడు. అర నిమిషంలో ఫారం వచ్చేసింది.

మా ఇంట్రానెట్ లుక్ బాగోలేదని అందరూ అంటుంటే రంగు గురించే అనుకున్నాను. కానీ వాళ్ల అసలు బాధ "దొరకట్లేదు" అని. షేర్‌పాయింట్‌లో సైట్ యూసేజ్ రిపోర్ట్ ఉంటుంది, సెట్టింగ్స్ గేర్ నొక్కితే కనిపిస్తుంది. ఎక్కువ మంది చూసిన పేజీలు, ఫైళ్లు ఏవో అందులో తెలుస్తాయి. మా దాంట్లో పైనున్నవి ఇవి: సెలవుల లిస్టు, పేస్లిప్ పోర్టల్ లింకు, ఎక్స్‌టెన్షన్ నంబర్ల షీటు, క్యాంటీన్ మెనూ, కంపెనీ బస్సు టైమింగ్స్. ఎండీ గారి సందేశం పేజీని నెలలో ఎంతమంది చూశారో ఇక్కడ రాయను, ఉద్యోగం చేసుకోవాలి కదా.

ఈ రిపోర్టు తీయకుండా వెండర్‌కు ఫోన్ చేయకండి. మీ సమస్య మెనూదైతే దానికి కోడింగ్ అక్కర్లేదు. చాలా కంపెనీల సమస్య అదే.

ఉన్నదానితోనే సర్దుకోవడం

మొదటి దారి షేర్‌పాయింట్ ఇచ్చిన సెట్టింగ్సే. గేర్ గుర్తు నొక్కి "చేంజ్ ద లుక్" తెరిస్తే థీమ్ (రంగుల సెట్), హెడర్ (పేజీ పై పట్టీ), నావిగేషన్ (మెనూ), ఫుటర్ (కింది పట్టీ) అని ఉంటాయి. సైట్ ఓనర్ అయితే చాలు, కోడ్ రాయడం రాకపోయినా ఒక పూటలో పని అయిపోతుంది.

అయితే దీనికన్నా ముందు చూసుకోవాల్సింది మీ సైట్ ఏ రకందో. షేర్‌పాయింట్‌లో టీమ్ సైట్, కమ్యూనికేషన్ సైట్ అని రెండున్నాయి. టీమ్ సైట్ ఒక జట్టు కూర్చుని ఫైళ్లు పంచుకుని పనిచేసుకునే గది, మెనూ ఎడమవైపు ఉంటుంది. కమ్యూనికేషన్ సైట్ పదిమందికీ చూపించే ముందు హాలు, మెనూ పైన ఉంటుంది, పేజీ వెడల్పంతా వాడుకోవచ్చు, కింద ఫుటర్ పెట్టుకోవచ్చు. 2017లో ఈ కమ్యూనికేషన్ సైట్లు రాకముందు కట్టిన ఇంట్రానెట్లలో చాలావాటికి టీమ్ సైటే హోమ్ పేజీగా ఉండిపోయింది. మాదీ అంతే. "ఆ కంపెనీలో లాగా ఫొటో ఈ చివర నుంచి ఆ చివరకు ఎందుకు రావట్లేదు?" అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. మీదీ అలాగే ఉంటే ఆ పాతదాన్ని మరమ్మతు చేస్తూ కూర్చోకండి. కొత్తగా కమ్యూనికేషన్ సైట్ తెరిచి, హోమ్ పేజీని అక్కడికి మార్చేయండి.

హెడర్‌లో మినిమల్, కాంపాక్ట్, స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్ అని నాలుగు రకాలు. రోజువారీ వాడకానికి కాంపాక్ట్ చాలు, స్క్రీన్ మీద చోటు తక్కువ తింటుంది. ఎక్స్‌టెండెడ్‌లో వెనకాల బొమ్మ పెట్టుకోవచ్చు, లోగోను ఎడమకో మధ్యకో కుడికో జరుపుకోవచ్చు. మా అడ్మిన్ మేనేజర్ గారు లోగో ఈశాన్యంలో ఉంటే మంచిదన్నారు. స్క్రీన్‌లో పైన కుడి మూల ఈశాన్యమే అవుతుందని ఆయన లెక్క. నేను నవ్వాననుకునేరు, లేదు. పోనీలే, ఆ ఆప్షన్ ఉంది కదా అని వారం పాటు పెట్టి చూశాను. సెర్చ్ బాక్సు, మెనూ ఒక పక్క, లోగో ఇంకో పక్క అయ్యేసరికి ప్రతి పేజీలోనూ అంత చోటు వృథా అయింది. చివరికి ఆయనే "మామూలుగా పెట్టేయ్" అన్నారు.

మెనూలో క్యాస్కేడింగ్ (ఒకదాని కింద ఒకటి తెరుచుకునేది), మెగా మెనూ అని రెండున్నాయి. లింకులు పదిహేను దాటితే మెగా మెనూ మేలు, అన్నీ ఒకేసారి పరుచుకుని కనిపిస్తాయి. మూడు అంచెల దాకా వేయొచ్చు, కానీ రెండు అంచెల్లో సర్దేయండి. మెనూలో డిపార్ట్‌మెంట్ల పేర్లు రాయడం మేం చేసిన పెద్ద తప్పు. మెడికల్ ఇన్సూరెన్స్ కార్డు కావాల్సిన మనిషికి అది హెచ్‌ఆర్ కింద ఉందో, ఫైనాన్స్ కింద ఉందో, అడ్మిన్ కింద ఉందో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు మా మెనూలో "జీతం, క్లెయిములు", "సెలవులు, హాజరు", "ఇన్సూరెన్స్", "ఐటీ సాయం", "ప్లాంటు, బస్సులు" అని ఉంటాయి. ఏ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుందన్నది లోపలికి వెళ్లాక తెలిస్తే చాలు.

కంపెనీ రంగులు, అక్షరాలు

రెండో దారి కంపెనీ సొంత థీమ్. షేర్‌పాయింట్‌లో ముందే ఉండే థీములు మీ లోగో రంగుకు దగ్గరగా లేకపోతేనే దీని అవసరం. మైక్రోసాఫ్ట్ థీమ్ జనరేటర్ పేజీలో ముఖ్యమైన రంగు, అక్షరాల రంగు, వెనకాల రంగు ఇస్తే మిగతా షేడ్లన్నీ అదే తయారుచేసి ఒక కోడ్ ఇస్తుంది. మీ టెనెంట్ అడ్మిన్ (కంపెనీ మొత్తం మైక్రోసాఫ్ట్ 365ను చూసుకునే మనిషి) దాన్ని పవర్‌షెల్ అనే టూల్‌లో ఒక కమాండ్‌తో ఎక్కిస్తే, "చేంజ్ ద లుక్"లో మీ కంపెనీ పేరుతో ఆ థీమ్ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సొంత థీములను దాచేయొచ్చు కూడా. దాచేయమనే చెబుతాను. లేకపోతే ఆర్నెల్లు తిరిగేసరికి సేల్స్ వాళ్ల సైట్ ఊదా రంగులో, స్టోర్స్ వాళ్లది ఎర్ర రంగులో తేలుతుంది.

అన్ని సైట్లనూ ఒక హబ్‌కు, అంటే వాటిని కలిపి ఉంచే పెద్ద సైట్‌కు, కలిపితే హబ్ థీమ్ వాటన్నింటికీ వచ్చేస్తుంది, పైన హబ్ మెనూ కూడా అన్నిచోట్లా ఒకటే కనిపిస్తుంది. నా లెక్కలో ఈ హబ్ ఒక్కటి పెట్టుకున్నా సగం పని అయినట్టే. పైసా ఖర్చు లేదు, డెవలపర్ అక్కర్లేదు. చాలా కంపెనీల్లో దీన్ని ఎవరూ ముట్టుకోరు.

రంగు దగ్గర ఒక చిక్కుంది. మా లోగో మామిడిపండు పసుపు. అదే రంగును థీమ్‌లో ముఖ్యమైన రంగుగా పెట్టాను, బటన్ల మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. నా మానిటర్‌లో పర్లేదనిపించింది. ప్లాంటులో సూపర్‌వైజర్ ఎండలో ఫోన్ పట్టుకుని చూస్తే బటన్ మీద ఏమీ రాయలేదనుకున్నాడు. వెబ్‌లో అందరూ చదవగలిగేలా ఉండడానికి డబ్ల్యూసీఏజీ అని ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకాల రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. రంగుల కోడ్‌లు ఇస్తే ఈ నిష్పత్తి చెప్పే ఉచిత టూల్స్ చాలా ఉన్నాయి, థీమ్ జనరేటర్ పేజీలోనే ఇది కనిపిస్తుంది. పసుపు మీద తెలుపు అక్కడికి ఆమడ దూరంలో ఆగిపోతుంది. మేం ముదురు ఆకుపచ్చను ముఖ్యమైన రంగుగా పెట్టి, పసుపును లోగోకూ ఒకటి రెండు గీతలకూ వదిలేశాం.

ఫాంట్ల సంగతికొస్తే, ఇదివరకు షేర్‌పాయింట్‌లో ఫాంట్ మార్చే వీలే ఉండేది కాదు. బ్రాండ్ సెంటర్ అనే సదుపాయం వచ్చాక కంపెనీ ఫాంట్‌ను ఎక్కించి థీమ్‌తో పాటు వాడుకోవచ్చు. తెలుగులో నోటీసులు పెట్టే కంపెనీలు ఇక్కడ కొంచెం ఆగి చూసుకోవాలి. బ్రాండ్ ఫాంట్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలే ఉండవు. అప్పుడు తెలుగు లైన్ కంప్యూటర్‌లో ఉన్న వేరే ఫాంట్‌లో, విండోస్ అయితే నిర్మలా యూఐలో, కనిపిస్తుంది. అది బాగానే ఉంటుంది, చదవడానికి ఇబ్బంది లేదు. పక్కనున్న ఇంగ్లిష్ అక్షరాలతో పోలిస్తే లావు సన్నాల్లో తేడా కనిపిస్తుంది, అంతే. పేచీ వచ్చేది లైన్ల మధ్య ఎడంతో. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్ కోసం కొలిచి కట్టిన డబ్బాలో "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీలకు" లాంటి మాటలు పెడితే కింద వత్తు తెగుతుంది. ఏ డిజైన్ చూపించినా ముందు ఈ మూడు మాటలూ టైటిల్లో పెట్టి చూపించమనండి.

తెలుగు సరిగ్గా రావట్లేదని నోటీసును బొమ్మగా చేసి పెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. ఆ మాటలు సెర్చ్‌లో దొరకవు, ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి, కాపీ చేసుకోవడానికి వీలుండదు.

హోమ్ పేజీలో ఏది ఎక్కడ

లేఅవుట్ గురించి వెండర్లు గంటసేపు మాట్లాడతారు కానీ షేర్‌పాయింట్ పేజీలో చేయగలిగింది లెక్క పెట్టుకోవచ్చు. పేజీని సెక్షన్లుగా విడగొడతాం. ఒక్కో సెక్షన్‌లో ఒకటి, రెండు లేదా మూడు నిలువు వరసలు. రెండు వరసల్లో ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా పెట్టుకోవచ్చు. పేజీ పొడవునా పక్కన నిలువు సెక్షన్ ఒకటి వేయొచ్చు. ఈమధ్య ఫ్లెక్సిబుల్ సెక్షన్ అని వచ్చింది, అందులో డబ్బాలను మనకిష్టమైన సైజులో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వాటిల్లో వెబ్ పార్ట్‌లు, అంటే ఒక్కో పనికి ఒక్కో రెడీమేడ్ డబ్బా, వేస్తాం. హీరో, న్యూస్, క్విక్ లింక్స్, ఈవెంట్స్, పీపుల్ లాంటివి.

కంప్యూటర్‌లో పక్కపక్కన ఉండే వరసలు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి, ఎడమ వరస ముందు, కుడి వరస తర్వాత. ఎడమ వైపు పొడుగాటి న్యూస్ పెట్టి, కుడి వైపు పేస్లిప్ లింకు పెట్టారంటే ప్లాంటులో మనిషి ఫోన్ తెరిచి బొటనవేలు అరిగేదాకా కిందికి జరపాలి. సగం మంది ఫోన్‌లో చూసే కంపెనీకి మూడు వరసల హోమ్ పేజీ వద్దే వద్దు.

మా పేజీలో అన్నింటికన్నా పైన క్విక్ లింక్స్ ఎనిమిది, బటన్ల రూపంలో. దాని కింద రెండు వరసలు: వెడల్పాటి దాంట్లో న్యూస్, సన్నదాంట్లో ఈవెంట్స్. దాని కింద క్యాంటీన్, బస్సులు. అక్కడితో పేజీ సరి. క్విక్ లింక్స్‌కు ఆడియన్స్ టార్గెటింగ్ పెట్టాం. ప్లాంటు వాళ్లకు షిఫ్ట్ రోస్టరు, ఆఫీసు వాళ్లకు మీటింగ్ రూమ్ బుకింగ్ కనిపిస్తాయి. పేజీ ఒకటే, ఎవరి లింకులు వాళ్లకు. ఇది లింకులు కనిపించే తీరును మార్చేదే తప్ప తాళం కాదని మాత్రం గుర్తుపెట్టుకోండి. చూడకూడని ఫైలుకు పర్మిషన్ వేరుగా తీసేయాల్సిందే.

హీరో వెబ్ పార్ట్ మీద మాకు పెద్ద గొడవే అయింది. అందులో ఐదు బొమ్మల దాకా పెట్టొచ్చు. ఎండీ గారికి పైన పెద్ద ఫొటో ఉండాలి. నాకేమో లింకులు ఉండాలి. మొదటి విడతలో ఆయన మాటే నెగ్గింది. సంక్రాంతికి శుభాకాంక్షల ఫొటో పెట్టమన్నారు. ఫొటోగ్రాఫర్ పంపినదాన్ని అలాగే ఎక్కించేశాను, తొమ్మిది ఎంబీ. నా సీట్లో కంప్యూటర్‌కు కంపెనీ లైను ఉంది కాబట్టి టక్కున వచ్చింది. ప్లాంటులో మొబైల్ డేటా మీద తెరిచినవాళ్లకు తెల్లటి తెర, తిరిగే చక్రం. ఆ రోజే బోనస్ సర్క్యులర్ కూడా పెట్టాం. మధ్యాహ్నానికి "సర్క్యులర్ కావాలనే దాచారు" అని పుకారు పుట్టి యూనియన్ వాళ్లు హెచ్‌ఆర్ గది ముందుకొచ్చారు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి ఏ ఫొటో అయినా 300 కేబీ లోపుకు తగ్గించాకే ఎక్కిస్తున్నాం. షేర్‌పాయింట్ కోసం పేజ్ డయాగ్నస్టిక్స్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉచితంగా దొరుకుతుంది, పేజీని ఏ బొమ్మ, ఏ వెబ్ పార్ట్ నెమ్మదింపజేస్తోందో చూపిస్తుంది. ఆ రిపోర్ట్ ప్రింటు తీసి ఎండీ గారికి చూపిస్తే ఫొటో పైనుంచి దిగి, ఆ చోటు లింకులకు వచ్చింది.

కోడ్ రాయించాల్సి వస్తే

మూడో దారి షేర్‌పాయింట్ ఫ్రేమ్‌వర్క్. 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. డెవలపర్ టైప్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఎక్కువగా రియాక్ట్ అనే కోడ్ లైబ్రరీ వాడి, మీకు కావాల్సిన వెబ్ పార్ట్ రాస్తాడు. లేదా ప్రతి పేజీకీ పైనా కిందా మైక్రోసాఫ్ట్ వదిలిన జాగాలో మీ సొంత పట్టీ పెడతాడు. తయారైన ప్యాకేజీని యాప్ క్యాటలాగ్‌లో (కంపెనీ యాప్‌లు ఉంచే చోట) ఎక్కిస్తే అన్ని సైట్లకూ అందుబాటులోకి తేవచ్చు.

రంగుల కోసం, అందం కోసం ఈ దారి పట్టడం నాకు నచ్చదు. మీ కంపెనీకి మాత్రమే ఉన్న అవసరం ఏదైనా ఉంటే అప్పుడు పట్టండి. మాకు అలాంటిది ఒకటే తేలింది: బస్సు రూట్లు. ఏ స్టాపు ఎంచుకుంటే ఆ బస్సు నంబరు, టైము, డ్రైవర్ ఫోన్ చూపించే చిన్న డబ్బా. దానికి డెవలపర్‌ను పెట్టుకున్నాం, బాగా వచ్చింది, ఇప్పటికీ మా సైట్‌లో ఎక్కువ మంది నొక్కేది అదే.

అయితే ఆ డెవలపర్ ఏడాది తర్వాత వెళ్లిపోయాడు. కొత్త రూటు రంగు మార్చమంటే మా దగ్గర ప్యాకేజీ ఫైలు తప్ప సోర్స్ కోడ్ (అతను రాసిన అసలు కోడ్) లేదు. అతని ల్యాప్‌టాప్ అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకొకరికి ఇచ్చేశారు. చిన్న రంగు మార్పుకు మొత్తం మళ్లీ రాయించాం. కోడ్ రాయించేవాళ్లు బిల్లు కట్టేముందు సోర్స్ కోడ్ కంపెనీ రిపాజిటరీలో (కోడ్ దాచే చోట) ఉందో లేదో కళ్లారా చూసుకోండి. నోడ్ అనే సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌తో కోడ్ కట్టారో ఒక కాగితం మీద రాయించుకోండి. వినడానికి చిన్న విషయమే, రెండేళ్ల తర్వాత బిల్డ్ చేసేటప్పుడు తెలుస్తుంది.

ఇక దొడ్డిదారి ఒకటుంది: పేజీ మీదకు సొంత సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తేల్చే కోడ్) తోసి, నచ్చని భాగాలను దాచేయడం. చూడటానికి మంత్రంలా ఉంటుంది. షేర్‌పాయింట్ పేజీ కోడ్‌లో ఒక్కో భాగానికి పెట్టిన క్లాసుల పేర్ల మీద ఆధారపడొద్దని మైక్రోసాఫ్ట్ ముందే చెబుతోంది, అవి ఎప్పుడైనా మారొచ్చు. మారిన రోజు మీ హెడర్ ఎక్కడ తేలుతుందో దేవుడికే ఎరుక. కస్టమ్ స్క్రిప్ట్‌ను (సొంత కోడ్ నడిపే అనుమతిని) సైట్‌లో ఆన్ చేసినా ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే ఆఫ్ అయిపోయేలా ఇప్పుడు మార్చారు కూడా. ఎవరైనా "పాత మాస్టర్ పేజీ పద్ధతిలో చేసిస్తాను" (అన్ని పేజీలకూ ఒకే అచ్చు పోయడం) అంటే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించండి.

కంపెనీ సొంత సర్వర్‌లో షేర్‌పాయింట్ నడిపేవాళ్లది వేరే కథ. అక్కడ మాస్టర్ పేజీలు, సీఎస్ఎస్ అన్నీ పనిచేస్తాయి. కానీ 2016, 2019 వెర్షన్లు రెండింటికీ మైక్రోసాఫ్ట్ పెట్టిన సపోర్ట్ గడువు 2026 జులై 14. వాటి మీద డిజైన్ కోసం లక్షలు పోయడం కూల్చబోయే ఇంటికి ఇంటీరియర్ చేయించినట్టే. ఆ డబ్బు ఆన్‌లైన్‌కో, సొంత సర్వర్‌లో నడిచే కొత్త సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కో మారడానికి దాచుకోండి.

రెడీమేడ్ ఇంట్రానెట్లు

షేర్‌పాయింట్ మీద తొడిగే తయారీ ఇంట్రానెట్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. మా ముగ్గురు వెండర్లూ తెచ్చినవి అవే. ఏడాదికి మనిషికింత అని చందా. పుట్టినరోజులు, పోల్స్, మెచ్చుకోలు గోడ, అన్నీ కట్టి ఇస్తారు. వెయ్యి మంది పైన ఉండి, ఇంటర్నల్ కమ్యూనికేషన్స్‌కు వేరే టీమ్ ఉన్న కంపెనీకి ఇది సబబే. ఒక్క ప్రశ్న వేయండి: "వచ్చే ఏడాది చందా కట్టకపోతే మా పేజీలు ఏమవుతాయి?" పేజీలన్నీ మామూలు షేర్‌పాయింట్ పేజీలుగానే ఉండి, వాళ్ల డబ్బాలు మాత్రమే మాయమవుతాయంటే పర్లేదు. మొత్తం వాళ్ల దగ్గరే ఉంటుందంటే మీ కంపెనీ సమాచారానికి మీరే అద్దె కట్టుకుంటున్నారన్నమాట. మా దగ్గరికి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఈ ప్రశ్నకు "అది చాలా మంచి ప్రశ్న సార్" అని, ఇంకో స్లయిడ్‌కు వెళ్లిపోయారు.

గూగుల్ సైట్స్, వర్డ్‌ప్రెస్

కంపెనీ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉండి, మనుషులు వంద లోపయితే గూగుల్ సైట్స్‌తో మధ్యాహ్నం భోజనం లోపు ఇంట్రానెట్ కట్టేయొచ్చు. థీమ్ రంగు, ఫాంట్, పైన బ్యానర్ సైజు, మెనూ పైనా పక్కనా అన్నది మార్చుకోవచ్చు. సీఎస్ఎస్ రాసే వీలు లేదు. డ్రైవ్‌లోని షీటు, క్యాలెండర్ నేరుగా పేజీలో పెట్టుకోవచ్చు, అక్కడ మారిస్తే ఇక్కడ మారిపోతుంది. స్టార్టప్‌లో ఉన్న మా బావమరిది దీన్నే వాడుతున్నాడు, వాడికి ఇంతవరకు ఏ టెన్షనూ లేదు. ఆడియన్స్ టార్గెటింగ్, హబ్ లాంటివి కావాల్సి వస్తే మాత్రం ఇది చాలదు.

వర్డ్‌ప్రెస్‌ను ఇంట్రానెట్‌గా వాడాలంటే ఇంట్లో దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఉచితం. 2022 జనవరిలో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి బ్లాక్ థీములతో (పేజీని బ్లాకులుగా కట్టేవి) హెడర్, ఫుటర్ కూడా ఎడిటర్‌లోనే మార్చుకోవచ్చు. తెలుగు వెబ్ ఫాంట్లు, లైన్ల ఎడం అన్నీ మీ చేతిలోనే. రామభద్ర, మండలి, మల్లన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగులోనే నడిచే సంస్థ అయితే అందంలో షేర్‌పాయింట్ దీని దగ్గరికి రాలేదు.

దీని కష్టం ఎక్కడుందంటే, ప్రతి ప్లగిన్‌నూ (అదనపు పనులకు తగిలించే చిన్న ప్రోగ్రాం) అప్‌డేట్ చేస్తూ ఉండాలి, బ్యాకప్ తీస్తూ ఉండాలి, కంపెనీ లాగిన్‌తో కలపాలి. ఎక్కువ మంది చూసుకోని సంగతి ఇంకోటి: పేజీకి లాగిన్ పెట్టినా, మీరు అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌కు నేరుగా లింకు తెలిస్తే లాగిన్ లేకుండానే తెరుచుకోవచ్చు. మామూలుగా అప్‌లోడ్ ఫోల్డర్‌ను వెబ్ సర్వరే నేరుగా ఇచ్చేస్తుంది, వర్డ్‌ప్రెస్‌ను అడగదు. జీతాల గ్రేడ్ల ఫైలు అలా బయటపడితే డిజైన్ ఎంత బాగున్నా ఎవరూ మెచ్చుకోరు. ఆఫీసు నెట్‌వర్క్ లోపలే, వీపీఎన్ వెనకాలే నడిపేట్టయితేనే ఈ దారి పట్టండి.

మరి మీకేది?

మైక్రోసాఫ్ట్ 365 ఉండి, ఐటీలో ఒకరో ఇద్దరో ఉన్న కంపెనీకి నా సలహా సూటిగా ఇది: కమ్యూనికేషన్ సైట్, ఒక హబ్, ఒక సొంత థీమ్, రెండు అంచెల మెగా మెనూ. మాకు సెట్టింగ్స్‌కు మూడు రోజులు పట్టింది, మెనూలో మాటలు తేల్చుకోవడానికి మూడు వారాలు. ఖర్చంతా ఆ మూడు వారాల్లో టీ, సమోసాలకే. కోడ్ రాయించాలన్న ఆలోచన వస్తే ఆర్నెల్లు ఆగండి. అప్పటికీ జనం అదే అడుగుతుంటే రాయించండి.

మనుషులు రోజంతా మైక్రోసాఫ్ట్ చాట్, మీటింగుల యాప్ టీమ్స్‌లోనే ఉంటారనుకోండి, అప్పుడు హోమ్ పేజీ అందం కన్నా వైవా కనెక్షన్స్ అనే మైక్రోసాఫ్ట్ యాప్ ద్వారా దాన్ని టీమ్స్ లోపలికి తేవడం మీద పెట్టిన శ్రమకు ఫలితం ఎక్కువ. ఫోన్‌లో కార్డుల్లా వస్తుంది, ప్లాంటు వాళ్లకు అదే సుఖం. డిజైన్ మీద పట్టుదల ఉన్న మేనేజ్‌మెంట్, దాన్ని మోసే టీమ్ రెండూ ఉంటే రెడీమేడ్ చూడండి. పట్టుదల ఉండి టీమ్ లేకపోతే వద్దు. ఆర్నెల్లకే అందమైన పేజీలో కిందటేడు దీపావళి వార్త వేలాడుతుంటుంది.

ఏ దారి పట్టినా పాత హోమ్ పేజీని మొదటి రోజే తీసేయకండి. మా వాళ్లు పాత సెలవుల లిస్టు లింకును బుక్‌మార్క్ చేసుకున్నారు, కొందరు ప్రింటు తీసి క్యూబికల్‌కు అంటించుకున్నారు. కొత్త సైట్ తెరిచిన రోజు ఆ లింకు చచ్చిపోయి, ఐటీ హెల్ప్‌డెస్క్‌కు పొద్దున పదకొండు లోపే నలభై టికెట్లు వచ్చాయి. అన్నీ "లాగిన్ అవ్వట్లేదు" అనే. పాత పేజీ పైన "సెలవుల లిస్టు ఇక్కడికి మారింది" అని ఒక లైను, కింద కొత్త లింకు పెట్టి కనీసం రెండు జీతాల తేదీలు దాటేదాకా ఉంచండి.